అయిదేళ్ల వాడకం తర్వాత: మా పాత ఇంటి నడవకు వేయించిన సున్నపు పూత

పాత ఇంటి నడవను బాగు చేయించినవారు సాధారణంగా నేల బిళ్లల గురించో దీపాల గురించో చెబుతారు. మేమూ ఆ పనులు చేయించాం. పాత బిళ్లలను ఆమ్లం తగలనీయకుండా కడిగించి ఉన్నవి ఉన్నట్టే ఉంచుకున్నాం, కొత్త కరెంటు తీగలను గోడ తొలవకుండా చెక్క పట్టీలలో నడిపించాం, రెండు కొసల నుంచీ ఒకే దీపాన్ని వెలిగించే స్విచ్చులు పెట్టించాం. వాటి మీద నాకు ఫిర్యాదు లేదు, చెప్పుకోదగ్గ విశేషమూ లేదు. నన్ను మురిపించినదీ, మధ్యలో ఏడాది పాటు ఏడిపించినదీ గోడకు వేయించిన సున్నపు పూత ఒక్కటే.

మా గోడలు ఇటుకతో, సున్నంతో కట్టినవి. పునాదిలో తేమను ఆపే పొర లేదు కనుక నేలలోని చెమ్మ గోడలోకి ఎక్కుతూనే ఉంటుంది. మాకు ముందు ఉన్నవారు ఆ మరకలు కనబడకుండా నడుమెత్తు వరకు సిమెంటు పూయించారు. ఆవిరై పోయే దారి మూసుకుపోవడంతో చెమ్మ ఆ సిమెంటు అంచును దాటి ఇంకా పైకి పాకింది. దాన్నంతా కొట్టించి, గోడను కొన్ని నెలలు ఆరనిచ్చి, ఇసుక కలిపిన సున్నాన్ని మూడు పొరలుగా వేయించాం. గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటూ మెల్లగా గట్టిపడే సున్నాన్ని తొందరపెట్టడానికి వీలు లేదు. త్వరగా ఆరిపోకుండా తడి గోనెపట్టాలు వేలాడదీసి, ఒక్కొక్క పొరకు రోజుల తరబడి కాచుకున్నాం. ఆపైన పాలలా పలచగా కలిపిన వెల్లను అయిదు సార్లు వేశారు. వేసేటప్పుడు దాదాపు కనిపించని వెల్ల ఆరుతున్నకొద్దీ తెల్లబడుతుందని తెలియక, పని చెడిపోయిందని మేస్త్రితో వాదించాను; మర్నాడు పొద్దున గోడను చూసి ఆయనకు క్షమాపణ చెప్పుకున్నాను.

తలుపు తీయగానే పలకరించే ముక్కిన వాసన మొదటి వానాకాలంలోనే పోయింది. కిటికీ లేని నడవలో పగటిపూట దీపం అవసరం తగ్గింది. ఆ ఉత్సాహంలో, ఈ గోడకు ఇక ఏ పనీ ఉండదని కనిపించినవారికల్లా చెప్పాను.

అయితే ఇంట్లో అందరి భుజాలూ, సంచులూ, గొడుగులూ రాసుకునేది నడవ గోడకే. వెల్ల చొక్కా చేతులకు అంటేది, ముట్టుకున్నచోటల్లా మసక పడేది. రెండో ఏట ఒక రంగుల మేస్త్రి సలహా మీద కింది నాలుగు అడుగులకు కడుక్కోవడానికి వీలైన ప్లాస్టిక్ రంగు వేయించాను. కొన్ని నెలలు గోడ అద్దంలా ఉంది. వానలు మొదలయ్యాక అడుగున చిన్న చిన్న పొక్కులు లేచాయి. ఒకదాన్ని గోటితో చిదిమితే లోపల నుంచి తెల్లటి ఉప్పు, దానితో పాటు పిండి పిండిగా సున్నం రాలాయి. చెమ్మతో పాటు పైకి వచ్చే లవణాలు రంగు పొర వెనక పేరుకుని, స్ఫటికాలుగా పెరుగుతూ పూతను లోపలి నుంచి పగలగొట్టాయి. ముందటివారు సిమెంటుతో చేసిన తప్పునే నేను డబ్బా రంగుతో చేశానన్నమాట! ఆ రంగు ఒంటరిగా ఊడి రాలేదు. గీకినచోటల్లా పూతను పెచ్చులుగా తనతో తీసుకువచ్చింది. కింది భాగమంతా మళ్లీ మొదటి పొర నుంచి వేయించవలసి వచ్చింది.

ఈసారి వెల్లలో కొద్దిగా కేసిన్ (పాల నుంచి తీసే, జిగురులా పట్టి ఉంచే మాంసకృత్తు) కలిపారు. చేతికి అంటడం బాగా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. భుజాలు తగిలే ఎత్తున గోడ పొడవునా ఒక చెక్క పట్టీ బిగించాం, సంచులు తగిలించే కొయ్యలను ఎదుటి తలుపు పక్కకు మార్చాం. ఏడాదికొకసారి ఒక పూట కూర్చుని మసకబారిన చోట్ల నేనే వెల్ల వేసుకుంటాను. ఏ పనీ ఉండదని అన్న మాటను ఆ మేరకు వెనక్కి తీసుకుంటున్నాను.

ఇంట్లో ఉండేది మేమిద్దరమే, వెల్ల వేయడం నాకు విసుగు కాదు కనుక ఈ గోడను మళ్లీ మార్చే ఆలోచన లేదు. చిన్నపిల్లలో సైకిళ్లో నడవలో తిరిగే ఇల్లయితే, గోడకు సున్నమే ఉంచి, దాని ముందు గాలి ఆడేంత ఎడంతో నడుమెత్తు చెక్క పలకలు బిగించుకుని ఉండేవాణ్ణేమో. గోడలు మొదటి నుంచీ సిమెంటువైతే మాత్రం ఇంత శ్రమ పడేవాణ్ణి కాదు.