వేడి లెక్కకు ఏది మేలు: పట్నం థర్మామీటరా, పల్లె థర్మామీటరా?

మే నెలలో రాత్రి పదకొండింటికి హైదరాబాద్‌లో డాబా ఎక్కి పిట్టగోడ మీద చెయ్యి పెట్టి చూడండి, ఇంకా వెచ్చగానే ఉంటుంది. మా ఊళ్లో అయితే ఆరుబయట మంచం వేసుకున్నవాళ్లు తెల్లారుజామున దుప్పటి వెతుక్కుంటారు. పగటి ఎండలో అంత తేడా ఉండదు, తేడా అంతా రాత్రిదే. పగలంతా వేడిని మింగిన సిమెంటూ తారూ పొద్దుపోయాక దాన్ని మెల్లగా కక్కుతాయి. పట్నం రాత్రులు పల్లె రాత్రుల కంటే వెచ్చగా ఉంటాయన్న సంగతిని లండన్‌లో ల్యూక్ హోవర్డ్ అనే వాతావరణ పరిశీలకుడు 200 ఏళ్ల కిందటే కొలిచి రాశాడు.

కాబట్టి ‘పట్నం నడిబొడ్డున థర్మామీటరు పెట్టి భూమి వేడెక్కిందంటే ఎలా?’ అని అడిగేవాళ్లను ఊరికే కొట్టిపారేయలేం. టోక్యోనే తీసుకోండి. నూరేళ్లలో అక్కడి సగటు సుమారు 3 డిగ్రీలు పెరిగింది. కానీ జపాన్ వాతావరణ సంస్థ దేశం లెక్క కట్టేటప్పుడు టోక్యోను పక్కనపెట్టి, నగరాల ప్రభావం తక్కువున్న 15 వాతావరణ కేంద్రాలనే చూస్తుంది. వాటిలో పెరుగుదల టోక్యో పెరుగుదలలో దాదాపు సగమే. అంటే టోక్యోలో పెరిగిన వేడిలో సగం పట్నం పుణ్యమే. మిగతా సగానికి మాత్రం కాంక్రీటును తిట్టి లాభం లేదు.

ఇంకో తమాషా ఉంది. 2014 డిసెంబరులో టోక్యో కేంద్రాన్ని ఓటెమాచి ఆఫీసుల మధ్య నుంచి కితనోమారు పార్కుకు మార్చారు. మధ్య దూరం కిలోమీటరు కూడా లేదు. గరిష్ఠం ఇంచుమించు అలాగే ఉంది గానీ, ఏడాది సగటు కనిష్ఠం మాత్రం సుమారు 1.4 డిగ్రీలు తక్కువ చూపింది. ఈ సంగతి తెలియకుండా గ్రాఫు చూసినవాడు ‘ఊరు చల్లబడిందోయ్’ అనుకోడూ!

దీర్ఘకాలపు పోకడ తెలియాలంటే నా ఓటు పల్లెకే. అలాగని పల్లె రికార్డు కడిగిన ముత్యమేమీ కాదు. కాలువ వచ్చి మెట్ట మాగాణి అయిందంటే, ఆవిరయ్యే నీరు పగటి వేడిని కొంత తగ్గిస్తుంది. అక్కడ కూడా చుట్టూ ఏం మారిందో చూసుకోవాలి.

పట్నం అంకెలను పారేయమని మాత్రం అనను. రేకుల గదిలో, కరెంటు పోయిన రాత్రి పసిపిల్లను విసనకర్రతో విసిరే తల్లికి పల్లె సగటుతో పనేముంది? 2013లో అహ్మదాబాద్ వడగాడ్పుల నుంచి జనాన్ని కాపాడే ప్రణాళిక వేసుకున్నప్పుడు కూడా హెచ్చరికలను ఆ నగరపు ఉష్ణోగ్రతల మీదే కట్టుకుంది.