పొందూరు ఖద్దరా, పాతచీర బొంతా?

"అప్పా, దేనిమీద కుట్టమంటావు?" పిచ్చాసుపత్రుల (అప్పటి మాట అదే) పాత రికార్డుల్లోని ఆడవాళ్ల గురించి నేను కుట్టిన గుడ్డ చూసినప్పటి నుంచి మా శ్రీకాకుళంలో కుట్టుపని చేసే పిల్లలు ఇదే అడుగుతున్నారు. సగంమంది జవాబు కూడా వాళ్లే చెప్పేస్తారు. పొందూరు పక్కనే పెట్టుకుని ఇంకో గుడ్డెందుకని.

ఆ మాట తీసిపారేసేది కాదు. కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, ఏకులు చేసి, అరటి దొప్పలో పెట్టుకుని వడికే నూలు అది. వందో నంబరు నూలు, అంతకన్నా సన్నం కూడా తీస్తారు. దువ్వేదీ వడికేదీ ఆడవాళ్లే. పేరు లేకుండా పోయిన ఆడవాళ్ల కథకి, పేరు ఎవరూ అడగని ఆడవాళ్లు వడికిన నూలు! వినడానికి ఎంత బాగుందో. నేనూ అక్కడే పడ్డాను.

మా దగ్గర్లోని వాల్తేరు పిచ్చాసుపత్రి 1871లో మొదలైంది. మద్రాసు ప్రెసిడెన్సీ పిచ్చాసుపత్రుల వార్షిక నివేదికల్ని స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం ఆన్‌లైన్‌లో పెట్టింది. ఆ పట్టికల్లో మగ, ఆడ, మొత్తం అని గడులు. ఎంతమంది చేరారు, ఎంతమందికి నయమైంది, ఎంతమంది పోయారు, అంతే. ఆడవాళ్ల గడిలో ఎంత అంకె ఉంటే అన్ని కాడకుట్లు వేద్దామనుకున్నాను. ఖద్దరు మీద మూడో వరసకే గుడ్డ ముడుచుకుపోయింది. దారం ఆరు పోగుల నుంచి ఒంటి పోగుకి తగ్గించాను. ముడత తగ్గింది గానీ వెనక దారం పోయిన దారంతా, ముడులతో సహా, ముందుకి కనిపించింది. అంత పలచని నేత మరి.

అయితే నేను ఖద్దరు వదిలేసింది ముడతల వల్ల కాదు. ఫ్రేమ్ సరిగ్గా బిగిస్తే అవి సర్దుకునేవే. నా మనసు మార్చింది ఆగ్నెస్ రిక్టర్ జాకెట్టు. ఆవిడ జర్మనీలో బట్టలు కుట్టి బతికిన మనిషి. హుబెర్టుస్‌బుర్గ్ ఆసుపత్రిలో ఉండగా 1895 ప్రాంతంలో, అక్కడి గుడ్డతోనే జాకెట్టు కుట్టుకుని, దానినిండా దారంతో రాసుకుంది. లోపలా రాసింది, బయటా రాసింది. తన లాండ్రీ నంబరు 583 కూడా కుట్టుకుంది. ఇప్పుడది హైడెల్‌బర్గ్‌లోని ప్రిన్‌జోర్న్ సేకరణలో (మానసిక రోగులు చేసిన కళాకృతులు దాచిన చోటు) ఉంది. చాలా మాటలు చదవడానికి రావు. ఎందుకంటే ఆవిడ దాన్ని తొడుక్కుంది. చెమట మరకలున్నాయి, ఒంటికి రాసుకుని కుట్లు అరిగాయి. అది తెలిశాక, దుకాణంలో మడత విప్పిన కొత్త తెల్లగుడ్డ ఎంత గొప్ప నేతయినా ఈ పనికి నా చేతికి రాలేదు. ఎవరో ఒకరు కట్టి, ఉతికి, మళ్లీ కట్టిన గుడ్డ కావాలనిపించింది.

అలా బొంతకి వచ్చాను. మా అమ్మ పాత నూలుచీరలు మూడు పొరలు. కూర్చునే చోట చీర పలచబడుతుంది. రెండు బొటనవేళ్లతో లాగి చూసి, చర్రుమంటే ఆ భాగం మధ్య పొరలో పెట్టండి. పొరల్ని ముందు దూరం దూరంగా టాకాలు వేసి పట్టించుకోవాలి. ఆ తర్వాత ఆరు పోగుల దారమైనా గుడ్డ ఓర్చుకుంటుంది, ముడులు పొరల మధ్యకి పోతాయి. ఇంగ్లండులో గ్రేట్ యార్‌మత్ వర్క్‌హౌస్‌లో (దిక్కులేని పేదల్ని ఉంచే చోటు) ఉన్న లొరీనా బుల్వర్ కూడా రంగురంగుల గుడ్డముక్కలు కలిపి, దానిమీదే బారెడు బారెడు ఉత్తరాలు ఊలుతో కుట్టింది. అన్నీ పెద్దక్షరాలే, కామా లేదు, చుక్క లేదు. అంత బరువు రాత ఒంటిపొర ఖద్దరు మొయ్యదు.

బొంతతో చిక్కు లేకపోలేదు. తప్పు కుట్టి ఊడదీస్తే పాత పోగు తెగుతుంది. ఖద్దరులో అయితే సూది పోగుల మధ్యనుంచి పోతుంది కాబట్టి, ఊడదీసి తడిపితే బెజ్జాలు చాలావరకు కలిసిపోతాయి. చెయ్యి ఇంకా కుదరనివాళ్లకి ఇది చిన్న సంగతి కాదు. నాలుగే మాటలు, ఒంటి పోగు, కిటికీకి కట్టి వెలుతురులో చూపించాలి అనుకుంటే ఖద్దరే తీసుకోండి, బొంత దండగ.

పాప్లిన్ చవక, నేర్చుకోవడానికి పనికొస్తుంది. డిజిటల్ ప్రింటు గురించి కూడా అడుగుతారు. పట్టికని గుడ్డమీద అచ్చేస్తే అది మళ్లీ పట్టికే.

మూడు వరసల దగ్గర ఆగిన నా ఖద్దరు ముక్క ఇంకా పెట్టెలో ఉంది. కొనేముందు ఒకసారి వచ్చి, వెనక్కి తిప్పి చూసుకుని వెళ్లండి.