లిమిట్ పోకర్ నేర్పుతామని పెద్ద టేబుల్ ఎక్కిస్తున్నారు, వైజాగ్ వాళ్లు జాగ్రత్త

మధురవాడ వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో శని, ఆదివారాలు లిమిట్ పోకర్ కోచింగ్ నడుస్తోంది. నేను 12,000 ఫీజు కట్టి చేరాను. ఫీజుతో పోయుంటే ఈ పోస్టు రాసేవాణ్ణి కాదు. తర్వాతి ఐదు వారాల్లో ఇంకో 35,000 పోయాయి. అంత పోవడానికి నాకు ఆట రాకపోవడం ఒక్కటే కారణం కాదు. ఏ స్టేక్ (పందెం స్థాయి) మీద మొదలుపెట్టాలి, ఎంతమంది ఉన్న టేబుల్ మీద కూర్చోవాలి అనే రెండు విషయాల్లో నాకు కావాలనే తప్పు సలహా ఇచ్చారు. అలాంటి కోర్సు కొనబోయేవాళ్లు దయచేసి చివరిదాకా చదవండి.

మా ఇంట్లో సంక్రాంతికి పేక పడాల్సిందే. చిన్నప్పటి నుంచి రమ్మీ చూసినవాణ్ణి కాబట్టి పేకంటే భయం లేదు. డ్యూటీలో నాతోపాటు ఉండే ఒకతను ఫోన్‌లో యాడ్ చూపించాడు. డబ్బు పెట్టే పని లేదు, బుర్రకు పదును, ప్లాస్టిక్ చిప్స్‌తోనే ఆట అని అందులో ఉంది. మొదటి రెండు వారాలు నిజంగానే అలా జరిగింది. డైనింగ్ టేబుల్ చుట్టూ పదిమందిమి కూర్చునేవాళ్లం. చేతికి రెండు ముక్కలు, మధ్యలో ఐదు ముక్కలు, నాలుగు రౌండ్ల పందెం. నేర్పే ఆయన ఓపిగ్గానే చెప్పేవాడు. ఆ మాట కాదనను.

లిమిట్ అనే మాట దగ్గరే నాలాంటివాళ్లు మోసపోతారు. రమ్మీలో మొదట్లోనే డ్రాప్ అయితే 20, మధ్యలో అయితే 40, ఎంత ఘోరంగా పోయినా ఫుల్ కౌంట్ 80. అక్కడితో ఆగుతుంది. లిమిట్ పోకర్ కూడా అంతేననుకున్నాను. 20/40 టేబుల్ అంటే ఒక ఆటలో మహా అయితే 40 రూపాయలు పోతాయని నాతోపాటు చేరిన ఇద్దరు కూడా అనుకున్నారు. అది తప్పు. 20/40 అంటే మొదటి రెండు రౌండ్లలో ఒక్కో పందెం 20, చివరి రెండు రౌండ్లలో ఒక్కో పందెం 40. మామూలుగా ఒక రౌండ్‌లో ఒక బెట్, దాని మీద మూడు రైజ్‌ల (పందెం పెంచడాల) దాకా వెళ్లొచ్చు. అంటే మొదటి రెండు రౌండ్లలో 80, 80, తర్వాత 160, 160. మొత్తం 480. నలభై అనుకుని కూర్చున్నవాడికి ఒకే ఆటలో దానికి పన్నెండు రెట్లు పోవచ్చు. ప్రతిసారీ అంతదూరం వెళ్లదు, కానీ వెళ్లే వీలుందని ముందే తెలియాలి. ఈ లెక్క మాకు ఎవరూ బోర్డు మీద వేసి చూపించలేదు.

మూడో వారం మాట మారింది. ప్లాస్టిక్ చిప్స్ పక్కన పెట్టి, ఫోన్‌లో ఒక యాప్‌లో డబ్బు పెట్టి ఆడమన్నాడు. "చిల్లర స్టేక్ మీద నేర్చుకున్నది చిల్లరకే పనికొస్తుంది అన్నా, అక్కడ ఎవడూ భయపడడు, ప్రతివాడూ కాల్ చేస్తాడు. 100/200 మీద కూర్చుంటేనే అసలు ఆట" అన్నాడు. కాల్ అంటే ఎదుటివాడు పెట్టినంత మనమూ పెట్టి ఆటలో ఉండటం. పదిమంది టేబుల్ మీద కూర్చుంటే సగం టైమ్ పేక పడేసి చూస్తూ ఉండటమే, ఆరుగురి టేబుల్ అయితే ఎక్కువ ఆటలు ఆడతావు, తొందరగా వస్తుంది అన్నాడు. వినడానికి సబబుగానే ఉంది. అందులో సగం నిజం కూడా ఉంది, అందుకే నమ్మాను.

మిగతా సగం ఇప్పుడు చెప్తాను. లిమిట్‌లో పేక పంచకముందే ఇద్దరు బ్లైండ్, అంటే తప్పనిసరి పందెం, పెట్టాలి. అది వంతులవారీగా అందరికీ వస్తుంది. 100/200 మీద చిన్న బ్లైండ్ 50, పెద్ద బ్లైండ్ 100. అంటే టేబుల్ చుట్టూ ఒక చుట్టు తిరిగేసరికి ప్రతి ఒక్కరూ 150 పెడతారు. నేను ఒక్క పేకా ఆడకుండా అన్నీ పడేశాననుకోండి. పదిమంది టేబుల్ మీద 100 ఆటలకు 1,500 పోతాయి. ఆరుగురి మీద 2,500. ఇద్దరే మిగిలితే 7,500. టేబుల్ చిన్నదయ్యేకొద్దీ ఊరికే కూర్చున్నా ఖర్చు పెరుగుతుంది. ఆ ఖర్చు రాబట్టుకోవాలంటే బలం లేని పేకలు కూడా ఆడాల్సి వస్తుంది. అలాంటి పేకలతో ఎప్పుడు ముందుకెళ్లాలో, ఎప్పుడు వదిలేయాలో తెలియడానికే అనుభవం కావాలి. కొత్తవాడికి లేనిది సరిగ్గా అదే. పదిమంది టేబుల్ మీద మంచి పేక కోసం ఓపిక పట్టడమే మొదటి పాఠం, ఆ పాఠం అక్కడ చవకగా వస్తుంది. బోర్ కొడుతుంది, నిజమే. కొట్టనివ్వండి.

ఒక్క ఆట చెప్తాను, నాకింకా కళ్లకు కట్టినట్టుంది. ఆరుగురి టేబుల్, 100/200. నా చేతిలో ఇస్పేటు ఆసు, డైమను తొమ్మిది. క్లాసులో పదిమందిలో అందరికంటే ముందు పందెం చెప్పాల్సిన చోట ఈ పేక వస్తే పడేయమని ఆయనే నేర్పాడు. ఇప్పుడు నా వెనక నిలబడి "ఆరుగురే కదా, రైజ్ చెయ్" అన్నాడు. 200 పెట్టాను. ఒకడే కాల్ చేశాడు. మధ్యలో ఆసు, ఏడు, నాలుగు పడ్డాయి. ఆసు జత వచ్చిందని గుండె ఎగిరింది. నేను 100 పెడితే అతను 200కి రైజ్ చేశాడు. నేను కాల్. తర్వాతి రౌండ్‌లో అతను 200, నేను కాల్. చివర మళ్లీ 200, మళ్లీ కాల్. అతని చేతిలో ఆసు, రాణి. ఇద్దరిదీ ఒకే జత, పక్క ముక్క అతనిది పెద్దది. ఒకే ఆటలో 800 పోయాయి. లిమిట్‌లో దెబ్బ ఇలాగే తగులుతుంది. ఒకేసారి అంతా పోదు, ఇంకొక్క కాల్, ఇంకొక్క కాల్ అంటూ కొంచెం కొంచెంగా పోతుంది. ఇదే ఆట 2/4 చిప్స్ మీద జరిగి ఉంటే 16 చిప్స్‌తో పక్క ముక్క పాఠం వచ్చేది.

ఆయన ఇచ్చిన జిరాక్స్ నోట్సులో 11వ పేజీలో ఇంకో విషయం ఉంది, అది డబ్బు పోయాక చదివాను. లిమిట్ ఆడేవాళ్లు ఏ స్టేక్ మీదైనా కనీసం 300 పెద్ద పందేలకు సరిపడా సొమ్ము పక్కన పెట్టుకోవాలనేది పాత వాడుక. బాగా ఆడేవాళ్లకు కూడా వందల పందేలు వరసగా పోయే కాలం వస్తుంది కాబట్టి ఆ లెక్క. 100/200 మీద 300 పందేలంటే 60,000. నా చేత వేయించింది 10,000. అంటే 50 పందేలు. తన నోట్సులో 300 అని అచ్చు వేసుకుని నన్ను 50తో కూర్చోబెట్టాడు. పదివేలు రెండు రోజుల్లో అయిపోయాయి. "ఇది వేరియన్స్, ఇప్పుడు ఆగితే పోయింది రాదు" అన్నాడు. వేరియన్స్ అంటే అదృష్టంలో వచ్చే ఎత్తుపల్లాలు. ఇంకో 10,000 వేశాను, తర్వాత 15,000. ఆ చివరి పదిహేను వేలు మా పాప స్కూల్ ఫీజుకి ఉంచినవి. ఆ వారం ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేకపోయాను. మా ఆవిడకు నిజం చెప్పిన రోజే టెన్షన్ కొంత దిగింది.

ఆయనకు దీనివల్ల ఏంటి లాభం అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. మూడోసారి చిప్స్ వేయించుకునేటప్పుడు ఆ యాప్‌లో నా పేరు కింద ఏజెంట్ అని ఆయన పేరు కనిపించింది. ప్రతి పాట్ (ఆటలో మధ్యన పోగైన పందెం సొమ్ము) నుంచి యాప్ వాళ్లు కొంత కోసుకుంటారు, దాన్ని రేక్ అంటారు. ఆటగాళ్లను తెచ్చిన ఏజెంటుకు అందులో వాటా ఉంటుంది. అడిగితే "అందరూ చేసేదే కదా అన్నా" అన్నాడు. స్టేక్ పెద్దదైతే పాట్ పెద్దది. టేబుల్ చిన్నదైతే గంటకు ఎక్కువ ఆటలు. రెండు సలహాలూ ఎవరి కోసం ఇచ్చాడో అప్పుడు అర్థమైంది. పైగా ఒకే గదిలో కూర్చున్నవాళ్లు ఒకే టేబుల్ మీద ఆడుతుంటే ఒకరి పేక ఒకరికి తెలిసిపోయే వీలుంది. నా విషయంలో అలా జరిగిందని నేను అనను, కానీ అలాంటి గదిలో కూర్చోకూడదు.

ఇక చట్టం సంగతి, ఇది నేను మొదటే చూసుకోవాల్సింది. మన రాష్ట్రంలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ 2020లోనే నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికీ వర్తించేలా చట్టం చేసింది. డబ్బుతో ఆడించేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా ఉంది. యాడ్స్ వేసేవాళ్లకు కూడా శిక్ష ఉంది. క్లాసులో ఆయన సుప్రీంకోర్టు పాత తీర్పు ఒకటి చెప్పేవాడు, నైపుణ్యం ఆటకు తప్పులేదని. ఆ తీర్పు రమ్మీ గురించి. ఆయన మా ఫోన్లలో లొకేషన్ మార్చే యాప్ వేయించాడు, డబ్బు ఎవరో వ్యక్తి యూపీఐకి పంపమన్నాడు. సక్రమమైన వ్యవహారానికి ఈ రెండూ ఎందుకు? అక్కడే లేచి రావాల్సింది, రాలేదు. ఆ తప్పు నాదే.

ఆట నేర్చుకోవద్దని నేను అనడం లేదు. నాకు ఇప్పటికీ ఇష్టమే. ఇప్పుడు మా మేడ మీద ఆదివారం సాయంత్రం తొమ్మిదిమందిమి కూర్చుంటున్నాం. మా బావ, ఆయన స్నేహితులు, కింద పోర్షన్ మావయ్యగారు. మనిషికి వంద చింతపిక్కలు, 2/4 లెక్క. అంటే 25 పెద్ద పందేలు. అయిపోతే ఆ రోజుకు చూస్తూ కూర్చోవడమే, మళ్లీ ఇవ్వం. ఎవరు ఏ పేకతో ఎక్కడ పోగొట్టుకున్నారో నోట్‌బుక్‌లో రాస్తున్నాం. పిక్కలకు విలువేముంది, అందరూ కాల్ చేసేస్తారు అంటారు గానీ, వంద అయిపోతే ఇంకో వారం దాకా ఆట లేదని తెలిస్తే ఎవరూ ఊరికే పెట్టరు. తొమ్మిదిమందిలో కుదురుగా ఆడటం వచ్చాక, కనీసం కొన్ని నెలల తర్వాత, ఆరుగురికి తగ్గించుకుని చూద్దామని అనుకున్నాం. పిక్కలతోనే.

కోర్సు ఏదైనా కొనాలనుకుంటే డబ్బు కట్టకముందు ఒక్కటే అడగండి, కోర్సు అయ్యాక ఎక్కడ ఆడిస్తారు అని. ఏ యాప్ పేరు వచ్చినా లేచి వచ్చేయండి. ఫీజుకు రసీదు అడగండి. నాకు ఇవ్వలేదు, అందుకే ఫీజు వెనక్కి అడిగితే "ఎవరు తీసుకున్నారు" అన్నారు.

నేను 1930కి ఫోన్ చేసి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా కంప్లయింట్ పెట్టాను. నంబరు వచ్చింది, డబ్బు ఇంకా రాలేదు. చివరి పేమెంట్ తర్వాత పది రోజులు సిగ్గుతో ఊరుకున్నాను, అది చాలా ఆలస్యం. మీలో ఎవరైనా ఈ మధ్యే అలా పంపి ఉంటే ఇప్పుడే 1930కి చేయండి, యూపీఐ స్క్రీన్‌షాట్లు, చాట్లు తుడిచేయకుండా ఉంచండి. వాళ్ల కొత్త బ్యాచ్ వచ్చే శనివారం మొదలవుతోందట. మధురవాడ, పీఎం పాలెం, కొమ్మాది వైపు ఉండేవాళ్లు మీ ఇంట్లో కుర్రాళ్లకు ఇది ఈ వారంలోనే చూపించండి.