మిసెస్ వార్డ్రోపర్ వెనకాలే మూడున్నర గంటలు: లండన్‌లో ఒక నర్సింగ్ హిస్టరీ టూర్

పన్నెండేళ్లుగా ఇంగ్లండులో నర్సుగా చేస్తున్నాను. ఈ ఏడాది వార్డుకు వచ్చే స్టూడెంట్ నర్సులను చూసుకునే బాధ్యత నాకిచ్చారు. వాళ్ల అసెస్‌మెంట్ కాగితాలు నింపుతుంటే, అసలు ఈ పద్ధతి ఎవరు మొదలుపెట్టారా అనిపించింది. అందుకే సెయింట్ థామస్ ఆసుపత్రికి ఒకప్పటి మేట్రన్, అంటే నర్సులందరికీ పెద్ద, మిసెస్ వార్డ్రోపర్ మీద ఉన్న ఈ టూర్ బుక్ చేశాను. మనిషికి 18 పౌండ్లు. తీసుకెళ్లేది ఒక రిటైర్డ్ నర్సు.

ముందు లోపం చెప్పేస్తాను. లండన్ బ్రిడ్జ్ స్టేషన్‌లో కలవాలన్నారు గానీ ఏ గేటు దగ్గరో మెయిల్లో రాయలేదు. పది నిమిషాలు అటూ ఇటూ పరుగులు, టెన్షన్. వెళ్లేవాళ్లు ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

స్టేషన్ పక్కనే సెయింట్ థామస్ స్ట్రీట్. 1862 దాకా ఆసుపత్రి ఇక్కడే ఉండేది. పాత చర్చి అటక మీద 1822 నాటి ఆపరేషన్ థియేటర్ ఇప్పటికీ ఉంది. దాని టికెట్ వేరే. ఇరుకైన చుట్టు మెట్లు 52 ఎక్కాలి. పైన ఒక చెక్క బల్ల, చుట్టూ విద్యార్థులు నిలబడి చూసే అరుగులు. బల్ల కింద రంపపు పొట్టు పోసిన పెట్టె ఉంటుంది. రక్తం ఎటు కారితే డాక్టరు ఆ పెట్టెను కాలితో అటు తోసేవాడట. రోజూ రక్తం, ద్రవాలు లాగేసే సక్షన్ మెషిన్ వాడే నాకు, ఆ పెట్టె చూశాక కాసేపు మాట రాలేదు.

సారా ఎలిజబెత్ వార్డ్రోపర్ 1854లో మేట్రన్ అయింది ఈ ఆసుపత్రికే. ఒక డాక్టరు భార్య. భర్త పోయి, పిల్లల్ని పోషించుకోవడానికి నలభై దాటాక ఈ పనిలోకి వచ్చారు. ఎక్కడా శిక్షణ తీసుకోలేదు, వార్డుల్లో తిరుగుతూనే నేర్చుకున్నారు. అలాంటి మనిషి చేతిలో 1860లో ఫ్లారెన్స్ నైటింగేల్ పేరు మీద నర్సుల శిక్షణ స్కూలు పెట్టారు. మొదటి బ్యాచ్ 15 మంది. ఏడాది శిక్షణ, భోజనం, బస, యూనిఫాం, పైగా ఏడాదికి 10 పౌండ్లు. పేరు నైటింగేల్‌ది. ఆవిడ ఆరోగ్యం బాగాలేక ఎక్కువగా ఇంట్లోనే ఉండేవారు కాబట్టి, రోజూ ఆ అమ్మాయిల్ని కనిపెట్టుకుని ఉన్నది వార్డ్రోపరే. ఆసుపత్రి మేట్రన్ ఉద్యోగం ఎలాగూ ఉంది, స్కూలు దాని మీద అదనం.

ఈ టూర్‌లో నాకు బాగా నచ్చింది గైడ్ మా చేతికిచ్చిన ఒక కాగితం. ఒక్కో ట్రైనీ గురించి వార్డ్రోపర్ నెలనెలా నింపిన ఫారం నమూనా అది. ఒక భాగం నడవడికకు, ఇంకొకటి పనితనానికి. నడవడికలో వేళకు రావడం, నిశ్శబ్దం, నమ్మకం, శుభ్రత, వార్డు నడిపే తీరు. రెండో దాంట్లో కట్లు కట్టడం లాంటి చేతిపనులు. "నిశ్శబ్దం" అని ఒక గడి ఉండటం చూసి ఆగిపోయాను. నైట్ డ్యూటీలో తెల్లవారుజామున మూడింటికి ఒక స్టీలు కిడ్నీ ట్రే కింద పడితే వార్డంతా లేచి కూర్చుంటుంది. ఆ బాధ తెలిసిన మనిషే ఆ గడి గీసి ఉంటుంది. మా ఫారాల్లో ఇరవై పేజీలున్నాయి, ఈ గడి మాత్రం లేదు.

తర్వాత బస్సెక్కి వాల్‌వర్త్ వైపు. రైల్వే వాళ్లు పాత స్థలం తీసుకోవడంతో 1862 నుంచి 1871 దాకా ఆసుపత్రిని సర్రే గార్డెన్స్‌లో నడిపారు. అంతకుముందు అది జంతువుల పార్కు. అక్కడి మ్యూజిక్ హాల్లో వార్డులు, జిరాఫీలుండే కొట్టంలో కలరా రోగులు! ఇప్పుడక్కడ చూడటానికి ఒక చిన్న పార్కు తప్ప ఏమీ లేదు. అయినా తొమ్మిదేళ్లు అలాంటి చోట స్కూలు ఆగకుండా నడిపిందంటే, ఆవిడ మీద నాకు గౌరవం అక్కడే రెట్టింపైంది.

చివరి మజిలీ లాంబెత్. పార్లమెంటుకు ఎదురుగా నది ఒడ్డున 1871లో విక్టోరియా రాణి తెరిచిన కొత్త ఆసుపత్రి. గాలీ వెలుతురూ ఆడేలా విడివిడిగా కట్టిన బ్లాకులు. కొన్ని రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు పోయాయి, దక్షిణం వైపువి మిగిలాయి. లోపల మామూలుగా రోగులుంటారు కాబట్టి బయటి నుంచే చూడాలి. ఇక్కడ గైడ్ దాచకుండా ఇంకో మాట చెప్పారు. 1872లో నైటింగేల్ స్వయంగా ఆరా తీస్తే, ట్రైనీలకు పాఠాలు సరిగ్గా జరగడం లేదని తేలింది. వాళ్లకు పాఠాలు చెప్పాల్సిన డాక్టరును మార్చారు. వార్డ్రోపర్‌ను దేవతను చేయకుండా ఇది కూడా చెప్పినందుకే ఆ గైడ్ మీద నమ్మకం కుదిరింది. ఈ స్కూల్లో శిక్షణ పొందిన లూసీ ఆస్బర్న్ 1868లో సిడ్నీ వెళ్లి అక్కడి ఆసుపత్రిని సరిదిద్దిన కథ మాత్రం రెండు ముక్కల్లో ముగించేశారు. దానికి ఇంకో పావుగంట ఇచ్చి ఉండాల్సింది.

1887లో వార్డ్రోపర్ రిటైరయ్యారు. 33 ఏళ్లు మేట్రన్‌గా, 27 ఏళ్లు స్కూలు పెద్దగా. 1892లో పోయారు. అప్పుడు ఆవిడ గురించి నైటింగేల్ స్వయంగా పత్రికకు రాశారు.

నర్సులకూ, నర్సింగ్ చదివే పిల్లలకూ గట్టిగా చెబుతాను, వెళ్లండి. మోకాళ్ల నొప్పులుంటే ఆ 52 మెట్ల సంగతి ముందే చూసుకోండి. ఆ ఫారం కాపీ అడిగితే ఇస్తారు. నాది మా స్టాఫ్ రూమ్ గోడకు అంటించాను.