కాంటెస్సాకు మాట్ బ్లాక్, ఐదేళ్ల తర్వాత

ముందే చెప్పేస్తున్నా, మాట్ బ్లాక్, అంటే మెరుపు లేని నలుపు, బానెట్‌కు వేయించుకోండి, బండి మొత్తానికి మాత్రం వద్దు. నా 1994 మోడల్ హిందుస్థాన్ కాంటెస్సా కారుతో పాటు ఈ రంగుతో కూడా ఐదేళ్లుగా కాపురం చేస్తున్నా. ఇష్టం పోలేదు, ఓపిక పోయింది.

కొన్నప్పుడు రేకంతా సొట్టలే, డోర్ల కింద తుప్పు. మెరిసే నలుపు కొడితే లప్పం పెట్టిన ప్రతిచోటా ఎత్తుపల్లాలు అద్దంలో చూసినట్టు కనిపిస్తాయి, మాట్ అయితే వెలుతురును చెదరగొట్టేస్తుంది కాబట్టి కనబడవు అని వరంగల్‌లో మా పెయింటర్ అన్న అన్నాడు. ఆ మాట నిజమే. కానీ డబ్బులు మిగులుతాయని నేను మొదట హార్డ్‌నర్ (రంగును గట్టిపరిచే రసాయనం) లేని ఎన్‌సీ, అంటే నైట్రోసెల్యులోజ్ పెయింట్ కొట్టించాను. ఒక్క ఎండాకాలానికే టాప్, డిక్కీ బూడిద రంగుకు తిరిగాయి, చెయ్యి రాస్తే నల్లగా అంటుకునేది, ట్యాంకు మూత దగ్గర పెట్రోల్ కారినచోట మరక పడింది. మరుసటి ఏడాది మొత్తం గీకించి, హార్డ్‌నర్ కలిపిన పీయూ (పాలీయురేథేన్) మాట్ వేయించాను. ఇప్పుడున్నది అదే, రంగు పెద్దగా మారలేదు. కొందరు నల్ల ప్రైమర్‌తోనే తిరుగుతుంటారు, చూడ్డానికి ఇలాగే ఉంటుంది గానీ ప్రైమర్ తేమను ఆపదు, రెండు వానాకాలాల్లో కింద తుప్పు మొదలవుతుంది.

మే నెలలో మాత్రం కొట్టించకండి. మన దగ్గరి ఎండకు థిన్నర్ గాల్లోనే ఆరిపోయి రంగు గరుకుగా పడుతుంది, స్ప్రే గన్ తిరిగిన దారి పట్టీలు పట్టీలుగా తేలుతుంది. మామూలు రంగైతే వాటర్ పేపర్ కొట్టి పాలిష్‌తో సరిచేస్తారు. దీనికి ఆ అవకాశమే లేదు, గన్‌లోంచి ఎలా పడితే అలాగే ఉంటుంది. డోరు మీద బెత్తెడు గీత పడిందని టచప్‌కు పోతే డోరంతా కొట్టాల్సి వచ్చింది, అయినా పక్క డోరుతో షేడ్ కలవలేదు.

అసలు దెబ్బ దసరా రోజు తగిలింది. అమ్మ బానెట్ మీద పసుపు, కుంకుమ ఘనంగా పెట్టింది, మర్నాడు నేను స్క్రబ్బర్ తీసుకుని తోమాను. పసుపు సగమే పోయింది, తోమినచోట మాత్రం గుండ్రంగా మెరుపు వచ్చేసింది. ఈ రంగు పైన కంటికి కనబడని గరుకు ఉంటుంది, రుద్దితే అది అరిగి నునుపవుతుంది, ఇక మాట్ ఎక్కడిది? నవ్వొచ్చేదేంటంటే ఆ మిగిలిన పసుపు రెండు వారాలు ఎండలో నిలబెడితే దానంతట అదే వెలిసిపోయింది. మెరుపు మచ్చ ఇప్పటికీ ఉంది.

కడగడం ఇంకో తలనొప్పి. వాటర్ సర్వీసింగ్‌లో కుర్రాడు మంచి ఉద్దేశంతోనే డీజిల్ గుడ్డతో తుడిచాడు, మబ్బులు మబ్బులుగా మరకలు. మేడారం వెళ్లొచ్చాక దుమ్మును పొడిగుడ్డతో దులపడానికి కూడా లేదు, నీళ్లు ధారగా పోసి, వ్యాక్స్ లేని షాంపూతో మెత్తటి గుడ్డ ఆడించాలి. కాకి రెట్ట ఆరిపోయేదాకా ఆగితే అయిపోయినట్టే. యాప చెట్టు కింద పార్క్ చేయడం మానేశాను.

మరి బానెట్‌కు ఎందుకు సరే అంటున్నానంటే, సాయంత్రం హన్మకొండ నుంచి కాజీపేట వైపు పోతుంటే సూర్యుడు సరిగ్గా ఎదురుగా ఉంటాడు, ఈ బానెట్ మీంచి వెలుగు కళ్లలోకి కొట్టదు. అమెరికాలో 1969 ఫోర్డ్ మస్టాంగ్ మాక్ 1 కారుకు కంపెనీయే బానెట్‌కు మాట్ నలుపు వేసి, మిగతా బాడీని మెరిసే రంగులో వదిలింది. ఆ లెక్క నాకు ఆలస్యంగా అర్థమైంది. రంగు మారిస్తే ఆర్సీలో కూడా మార్పించుకోండి, నేను అది కూడా ఆలస్యంగానే చేశాను.

ఈ చలికాలంలో డోర్లు, టాప్, డిక్కీ మెరిసే నలుపులోకి మారుస్తున్నా, లప్పం పని మళ్లీ మొదటి నుంచి. బానెట్ ముట్టుకోను. అమ్మ ఇప్పుడు బొట్టు ముందు అద్దానికి పెడుతోంది.