బోర్డు మీది అంకె: బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా మూడుసార్లు చూశాక

50,298. ‘బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా’ అనే టీవీ సిరీస్‌లో ఇది మనుషుల లెక్క. పన్నెండు గ్రహాల మీద వందల కోట్ల మంది బతుకుతుండగా ఒక్క రోజు అణుదాడితో అంతా బూడిదైపోతే, ఆ సమయానికి అంతరిక్షంలో ఓడల్లో ఉండి మిగిలిపోయినవాళ్ళు. అధ్యక్షురాలు లారా రోస్లిన్ ఆఫీసులో ఒక తెల్లబోర్డు ఉంటుంది. దాని మీద ఈ అంకె మార్కర్‌తో రాసి ఉంటుంది. మనుషులు పోయినప్పుడల్లా పాత అంకె చెరిగి కొత్తది పడుతుంది.

ప్రపంచం నాశనమయ్యాక మిగిలినవాళ్ళ కథలు నేను చాలానే చూశాను. జాంబీలవీ, అణుయుద్ధాలవీ, మహమ్మారులవీ. కానీ పదేళ్ళకు పైగా నాతోపాటు ఉండిపోయింది ‘బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా’ ఒక్కటే. మొదటిసారి 2011లో, ఇంజినీరింగ్ హాస్టల్లో, ఫ్రెండ్ హార్డ్‌డిస్క్‌లోంచి కాపీ చేసుకుని చూశాను. రెండోసారి 2020 లాక్‌డౌన్‌లో, ఖమ్మంలో అమ్మతో కలిసి. మూడోసారి ఇప్పుడు, రోజుకు ఒక ఎపిసోడ్ చొప్పున, తొందర లేకుండా. కాబట్టి ఇది వారాంతంలో చూసేసి రాస్తున్న సమీక్ష కాదు.

తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్తాను. 1978లో గ్లెన్ లార్సన్ తీసిన పాత సిరీస్‌ని రోనాల్డ్ మూర్, డేవిడ్ ఐక్ కలిసి మళ్ళీ కొత్తగా మొదలుపెట్టారు. 2003 డిసెంబరులో రెండు భాగాల మినీ సిరీస్ వచ్చింది. ఆ తర్వాత నాలుగు సీజన్లు నడిచి 2009 మార్చి 20న ముగిసింది. మనుషులు తయారుచేసిన సైలాన్లనే యంత్రాలు తిరగబడి, మనుషుల రూపంలోకి మారి, మనుషుల్నే తుడిచిపెడతాయి. గెలాక్టికా అనే ముసలి యుద్ధనౌక మాత్రం బతికిపోతుంది. దాన్ని మ్యూజియంగా మార్చబోతున్న రోజునే దాడి జరుగుతుంది. కమాండర్ ఆడమా తన ఓడలో కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలపనివ్వడు. కొత్త ఓడల్లోకి సైలాన్లు నెట్‌వర్క్ ద్వారా దూరి వాటిని పనికిరాకుండా చేస్తే, ఈయన పాతకాలపు పట్టుదల వల్ల గెలాక్టికా నిలబడుతుంది.

హాస్టల్లో చూసినప్పుడు నాకు నచ్చింది ఇదే. ఆడమాగా ఎడ్వర్డ్ జేమ్స్ ఓల్మోస్ గొంతు, చేతిలో పట్టుకుని తీసినట్టు ఊగే కెమెరా, యుద్ధాల మీద సంగీత దర్శకుడు బేర్ మెక్‌క్రియరీ మోగించిన డప్పులు. అప్పట్లో నాకు నాయకుడంటే ఆడమానే. రోస్లిన్ సీన్లు వస్తే ముందుకు జరిపేసేవాణ్ణి.

నా చూపు మార్చింది అమ్మ.

అమ్మ ముప్పై రెండేళ్ళు ప్రభుత్వ బడుల్లో టీచరు. ఇంగ్లిష్ చదవగలదు గానీ వాళ్ళ యాసలో మాట్లాడితే పట్టుకోలేదు. అందుకని నేను ఆపి ఆపి తెలుగులో చెప్పేవాణ్ణి. రోస్లిన్ అధ్యక్షురాలు ఎలా అయిందో చెప్పాను: ఆవిడ విద్యాశాఖ కార్యదర్శి, అంటే మన లెక్కలో మంత్రి, అంతకుముందు టీచరు. అధ్యక్ష పదవికి వరసలో 43వ మనిషి. పైనున్న 42 మందీ పోవడంతో పదవి ఆవిడ దాకా వచ్చింది. అదే రోజు పొద్దున్న ఆవిడకు రొమ్ము క్యాన్సర్ అని డాక్టరు చెప్పాడు. ప్రమాణ స్వీకారం ఒక మామూలు ప్రయాణికుల ఓడలో, చుట్టూ నిలబడిన కొద్దిమంది మధ్య జరుగుతుంది. చెయ్యి పైకెత్తినప్పుడు రోస్లిన్‌గా చేసిన మేరీ మెక్‌డానెల్ వేళ్ళు వణుకుతాయి. అమ్మ ఏమీ అనలేదు.

తర్వాత ‘33’ ఎపిసోడ్‌లో బోర్డు కనపడగానే, “ఆపరా కాస్త” అంది.

“ఏంటమ్మా?”

“టీచరన్నావు కదా. చూడు, హాజరు రాసుకుంటోంది.”

బడికి వెళ్ళిన ఎవరికైనా గుర్తుంటుంది. నల్లబల్ల పైమూలన చిన్న గడి గీసి మొత్తం ఎంతమంది, ఈ రోజు ఎంతమంది వచ్చారు అని రాస్తారు. ఆ మూల జోలికి ఎవరూ వెళ్ళరు. పాఠం చెరిపినా ఆ అంకెలు సాయంత్రం దాకా అలాగే ఉంటాయి. “ముందు ఎంతమంది వచ్చారో చూసుకోవాలి, తర్వాతే పాఠం” అంది అమ్మ. ఆ మాట విన్నాక ఈ సిరీస్ మొత్తం నాకు వేరేగా కనపడటం మొదలైంది.

‘33’ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. మినీ సిరీస్ తర్వాత మొదటి ఎపిసోడ్ అదే, 2005లో సైన్స్ ఫిక్షన్‌కిచ్చే హ్యూగో అవార్డు కూడా అందుకుంది. సైలాన్లు సరిగ్గా 33 నిమిషాలకోసారి వచ్చిపడతారు. ఓడలన్నీ వేరే చోటికి దూకుతాయి. మళ్ళీ 33 నిమిషాలు. ఎపిసోడ్ మొదలయ్యేసరికే 237సార్లు దూకారు, అయిదు రోజులుగా ఎవరికీ నిద్ర లేదు. గడ్డాలు పెరిగిన ముఖాలు, ఎర్రబడ్డ కళ్ళు, చిన్న మాటకే చిరాకు. ఒక దూకుడులో ఒలింపిక్ క్యారియర్ అనే ప్రయాణికుల ఓడ తప్పిపోతుంది. అందులో 1,345 మంది. అది లేకుండా 33 నిమిషాలు గడుస్తాయి, సైలాన్లు రారు. కాసేపటికి ఓడ తిరిగొస్తుంది, దాని వెనకాలే వాళ్ళూ వస్తారు. అందులో అణుబాంబు ఉన్నట్టు పరికరాలు చెబుతాయి. కూల్చేయమని ఆడమా అడుగుతాడు, రోస్లిన్ ఒప్పుకుంటుంది. కాల్చేది ఆడమా కొడుకు లీ, అతని తోటి పైలట్ స్టార్‌బక్.

కిటికీల్లో మనుషులు ఉన్నారా లేరా అన్నది మనకు స్పష్టంగా చూపించరు. లీకి కూడా తెలియదు. ఆ అనుమానం అతన్ని చాలా ఎపిసోడ్ల దాకా వదలదు.

ఎపిసోడ్ చివర్లో రోస్లిన్ సహాయకుడు బిల్లీ లోపలికొస్తాడు. ఇంకేం చెడ్డ వార్త మోసుకొచ్చాడోనన్నట్టు ఆవిడ చూస్తుంది. రైజింగ్ స్టార్ అనే ఓడలో ఒక మగబిడ్డ పుట్టాడని చెప్తాడు. బోర్డు మీద 47,972 ఉంటుంది. ఆవిడ లేచి వెళ్ళి చివరి అంకె మార్చి 47,973 చేస్తుంది. లాక్‌డౌన్‌లో, రోజూ టీవీలో అంకెలు పెరగడమే చూస్తున్న రోజుల్లో, ఒక లెక్క ఒకటి పెరిగితే ఇంత సంతోషం కలుగుతుందని నేను ఊహించలేదు. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఇదే రోస్లిన్ మినీ సిరీస్‌లో ఏం చేసిందో మర్చిపోకూడదు. కాంతికంటే వేగంగా దూకగల శక్తి అన్ని ఓడలకూ ఉండదు. దూకలేని ఓడల్ని, వాటిలోని మనుషులతో సహా వదిలేసి వెళ్ళాలని తేల్చేది ఆవిడే. అంతకు కొద్దిసేపటి ముందు మొక్కలు పెంచే ఒక ఓడలో చిన్నపాపను పలకరించి వస్తుంది. మిగతావాళ్ళు దూకేటప్పుడు ఆ పాప పచ్చని గడ్డి మీద బొమ్మతో ఒక్కతే కూర్చుని ఉంటుంది. అక్కడ అమ్మ నన్ను ఇంకో ఎపిసోడ్ పెట్టనివ్వలేదు. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ, “ఆ పిల్లని కూడా లెక్కలో రాసుకునే ఉంటుంది లేరా” అంది.

ఈ సిరీస్‌లో నాయకత్వం అంటే ధైర్యం కాదని మూడోసారి చూస్తున్నప్పుడు గట్టిగా అనిపించింది. ధైర్యం అందరికీ ఉంది. అడ్మిరల్ కెయిన్‌నే తీసుకోండి. రెండో సీజన్‌లో పెగసస్ అనే ఇంకో యుద్ధనౌక కనపడుతుంది. గెలాక్టికా కంటే పెద్దది, కొత్తది. కెయిన్ హోదాలో ఆడమా కంటే పైన. క్రమశిక్షణ ఉంది, పోరాట పటిమ ఉంది. కానీ ఆవిడ లెక్కలో ఉన్నవి ఆయుధాలు, ఇంజిన్లు, పనికొచ్చే చేతులు. దారిలో కలిసిన పౌరుల ఓడల నుంచి విడిభాగాలు ఊడదీసుకుంటుంది, పనికొచ్చేవాళ్ళని తీసుకుపోతుంది, ఎదురుతిరిగితే వాళ్ళ కుటుంబాలను కాల్పిస్తుంది. ఆజ్ఞ పాటించనన్న తన తర్వాతి స్థాయి అధికారిని అందరి ముందే తలలో కాలుస్తుంది. మిగిలినవాళ్ళను అక్కడే వదిలేసి వెళ్ళిపోతుంది. ఇదంతా వివరంగా 2007లో వచ్చిన ‘రేజర్’ అనే టీవీ సినిమాలో చూడొచ్చు. కెయిన్‌గా మిషెల్ ఫోర్బ్స్ ఎంత బాగా చేసిందంటే, మొదటిసారి చూసినప్పుడు నాకు కెయిన్ మాటలే సబబుగా తోచాయి. ఇరవై ఏళ్ళ వయసులో అలా తోస్తుంది. రోస్లిన్, కెయిన్ ఇద్దరూ మనుషుల్ని వదిలేసినవాళ్ళే. ఒకరు వదిలేసినవాళ్ళను కూడా మోస్తారు, ఇంకొకరు మోయరు. నాకు తేడా అక్కడే కనపడింది.

పెగసస్ ఎపిసోడ్‌లో ఖైదీ మీద లైంగిక హింస ఉంది. పిల్లలతో కూర్చుని చూడొద్దు.

బతకడం అంటే యుద్ధాలు గెలవడం మాత్రమే కాదని ఈ సిరీస్ చూపించినంత ఓపికగా ఇంకెవరూ చూపించలేదని నా అభిప్రాయం. నీళ్ళ ట్యాంకులు పేలిపోయి సగానికి పైగా నీళ్ళు పోతే ఒక ఎపిసోడ్ నడుస్తుంది. మంచు తవ్వి నీళ్ళు చేయడానికి కూలీలు కావాలి. ఎవరు చేస్తారు? ఖైదీల ఓడలోని వాళ్ళను అడుగుతారు. వాళ్ళలో టామ్ జారెక్ అనే రాజకీయ ఖైదీ, నిన్ను ఎవరు ఎన్నుకున్నారని రోస్లిన్‌ను నిలదీస్తాడు. ఆ ప్రశ్నకు ఆవిడ దగ్గర జవాబు లేదు, ఎన్నికలు పెడతామని ఒప్పుకోవాల్సి వస్తుంది. మూడో సీజన్‌లో ఇంధనం శుద్ధిచేసే ఓడలో పిల్లలు కూడా పనిచేస్తుంటారు. అక్కడ పుట్టినవాడు అక్కడే కూలీ అవుతాడు. మెకానిక్కుల పెద్ద టైరల్ సమ్మె చేయిస్తే, నేను ఇన్నాళ్ళు ఇష్టపడ్డ ఆడమా అతని భార్యను కాల్పిస్తానని బెదిరిస్తాడు. సింగరేణి పక్క జిల్లాలో పెరిగినవాణ్ణి కాబట్టేమో, సమ్మె అన్న మాట వినగానే నిటారుగా కూర్చున్నాను. ఆ ఎపిసోడ్‌లో ఆడమాను నేను ఇప్పటికీ క్షమించలేదు.

రోస్లిన్ కూడా దేవత కాదు. జనాభా తగ్గిపోతోందని గర్భస్రావాన్ని నిషేధిస్తుంది. జీవితమంతా ఆ హక్కు కోసం నిలబడిన మనిషి, బోర్డు మీద అంకె కోసం దాన్ని వదులుకుంటుంది. మనుషుల్ని కాపాడాల్సిన లెక్క, ఆడవాళ్ళ ఒంటి మీదికి వచ్చి కూర్చుంటుంది. ఆ ఎపిసోడ్ తర్వాత అమ్మకు, నాకు పెద్ద వాదనే అయింది. ఆవిడకు వేరే దారి లేదంది అమ్మ. నేను ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. ఇంకోసారి ఎన్నికల్లో ఓడిపోబోతున్నానని తెలిసి ఓట్ల దొంగతనానికి కూడా రోస్లిన్ సిద్ధపడుతుంది. ఆడమా ఆపుతాడు. ఆవిడ మీద గెలిచిన శాస్త్రవేత్త బాల్టర్ జనాన్ని ఒక గ్రహం మీద దింపుతాడు, ఏడాది తిరిగేసరికి సైలాన్లు వచ్చి ఆక్రమిస్తారు. అంటే రోస్లిన్ భయపడిందే నిజమైంది. అయినా దొంగతనం చేయకపోవడమే సరైనదని సిరీస్ నిలబడి చెబుతుంది. ఎంత ఖరీదైనా.

2009 మార్చి 17న న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి ఈ సిరీస్ మీద చర్చ పెట్టి ఓల్మోస్, మెక్‌డానెల్, మూర్, ఐక్‌లను పిలిచింది. మానవ హక్కులు, ఉగ్రవాదం, యుద్ధాల్లో పిల్లలు, ఇవే విషయాలు. ఇదంతా చూశాక నాకు అందులో ఆశ్చర్యం అనిపించలేదు. అన్నట్టు, ఎపిసోడ్ల టైటిల్స్‌లో వినపడేది మన గాయత్రీ మంత్రమే. అది మొదటిసారి విన్నరోజు అమ్మ చేతిలో చిక్కుడుకాయలు పక్కన పెట్టి, “ఇదేంట్రా, ఓం భూర్భువస్వః అంటున్నారు!” అని లేచి కూర్చుంది.

లోపాలు లేకపోలేదు. రెండో సీజన్‌లో నల్లబజారు ఎపిసోడ్, మూడో సీజన్ మధ్యలో కొన్ని ఎపిసోడ్లు వట్టి సాగదీత. మనుషుల మధ్య దాక్కున్న సైలాన్లు ఎవరన్న సస్పెన్స్‌ను రాసేవాళ్ళే ముందుగా తేల్చుకోలేదేమో అనిపిస్తుంది. కలలు, జోస్యాలు, కనపడని దేవదూతలు చివరికొచ్చేసరికి ఎక్కువైపోతాయి. చూడాలనుకుంటే మాత్రం మినీ సిరీస్‌తోనే మొదలుపెట్టండి. అది చూడకుండా ‘33’లోకి వెళితే సగం బరువు పోతుంది.

ముగింపు దగ్గరే నాకు అసలు పేచీ. మిగిలిన దాదాపు 38,000 మంది లక్షన్నర ఏళ్ళ కిందటి మన భూమి మీద దిగుతారు. ఓడలన్నిటినీ సూర్యుడిలోకి పంపేస్తారు. మందులు, యంత్రాలు, అన్నీ. చిన్న చిన్న గుంపులుగా విడిపోయి ఖండాలన్నిటికీ చెదిరిపోతారు. ఎవరూ పెద్దగా అడ్డు చెప్పరు. నీళ్ళ కోసం, కూలి కోసం, ఓటు కోసం నాలుగు సీజన్లు కొట్లాడుకున్న మనుషులు, బిడ్డకు జ్వరమొస్తే మందుబిళ్ళ కూడా లేని బతుకుకు అంత తేలిగ్గా ఒప్పుకుంటారంటే నాకు నమ్మబుద్ధి కాదు. రోస్లిన్ చిన్న విమానంలో ఆడమా పక్కన కూర్చుని, కింద పరుగెత్తే జంతువుల మందల్ని చూస్తూ చనిపోతుంది. ఆయన తన ఉంగరం తీసి ఆవిడ వేలికి తొడుగుతాడు. ఆ సీన్ మూడుసార్లూ ఏడిపించింది, అందులో అనుమానం లేదు.

2020లో ఆ సీన్ అయిపోయాక అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను ల్యాప్‌టాప్ మూసేస్తుంటే అడిగింది:

“మరి ఆ బోర్డు ఏమైందిరా? అది కూడా ఓడతోపాటు సూర్యుడిలోకేనా?”

అంతేనమ్మా అన్నాను.

“ఎవరో ఒకరు అది దింపుకోవాల్సింది” అంది.