‘హరిశ్చంద్ర’ వేయించే వారికి: వరంగల్ చౌరస్తా దగ్గరి నాటక సామగ్రి దుకాణం

మహాశివరాత్రి జాగారానికి పరకాల వైపు ఉన్న మా ఊరి గుడి ముందు ‘సత్య హరిశ్చంద్ర’ పద్యనాటకం వేయించాలని నిశ్చయించిన తరువాత, దుస్తులు, తెరలు, విగ్గులు, హార్మోనియం అన్నీ వరంగల్ చౌరస్తాకు దగ్గరి సందులోని పాత దుకాణం నుంచి అద్దెకు తెచ్చాము.

నాటకం పేరు చెప్పగానే యజమాని అడిగిన మొదటి మాట, “హరిశ్చంద్రులు ఎంతమంది సార్?” అని. కొత్తవారికి ఈ ప్రశ్న వింతగా తోచవచ్చు. బలిజేపల్లి లక్ష్మీకాంతం (1881–1953) రాసిన ఈ నాటకంలో హరిశ్చంద్రుని పద్యాల బరువు మోస్తూ, ఒక్కొక్క రాగాన్ని సాగదీస్తూ, ఒకే నటుడు తెల్లవారేదాకా గొంతు నిలుపుకోవడం కష్టం కనుక, అడవి సీనుకు ఒకరు, వారణాసికి ఒకరు, కాటి సీనుకు మరొకరు వేషం కట్టడం ఆనవాయితీ అయింది. అందువల్ల ఈ దుకాణంలో ‘హరిశ్చంద్ర సెట్టు’ అంటే ఒకే పాత్రకు మూడు కొలతల దుస్తులు. ఈ సంగతి మా నాటక కమిటీలో సగం మందికి తెలియదు.

అన్నిటికంటే మెచ్చదగినది కాటి సీను సామగ్రి. తెర మీద మండుతున్న చితులు, పుర్రెలు, దూరంగా కాశీ గోపురాలు చేతితో చిత్రించి ఉన్నాయి. మడతల దగ్గర రంగు పెచ్చులూడినా, లైటు కొంచెం తగ్గిస్తే ఆ లోపం కనబడదు. గొంగడి అసలైన ఉన్నిది, బరువైనది, ముతకది. కాటి యజమాని వీరబాహుని కొలువులో కాటికాపరిగా నిలబడిన రాజు భుజం మీద మెరుగు బట్ట వేసి అభాసు చేసే దుకాణాలను చూసిన వారికి దీని విలువ తెలుస్తుంది. గుర్రం జాషువా (1895–1971) శ్మశానవాటి పద్యాలు బలిజేపల్లి రాసినవి కాకపోయినా, నటులు వాటిని ఈ సీనులో చేర్చుకున్నాక అవి లేని కాటి సీనును మన ప్రేక్షకులు ఒప్పుకోరు. మా ఊళ్లోనూ ఆ పద్యాలకే వన్స్‌మోర్లు పడ్డాయి. ఆ గొంగడి, ఆ తెర లేకుంటే అంత పట్టు వచ్చేది కాదని నా అభిప్రాయం.

చంద్రమతి నగల పెట్టెలో భర్తకు తప్ప ఎవరికీ కనిపించని మంగళసూత్రం కూడా ఉంది. పైట చాటున దాగేటంత సన్నని నల్లపూసల తాడు అది. హరిశ్చంద్రుడు దాన్ని చూసి భార్యను గుర్తుపట్టే క్షణంలో మాత్రమే బయటికి తీయాలని యజమాని రెండుసార్లు చెప్పి పంపారు. విశ్వామిత్రుని బాకీ వసూలుకు వెంటపడే శిష్యుడు నక్షత్రకుని వేషానికి ఇచ్చిన పిలక, జోలె కూడా చక్కగా కుదిరాయి. నాటక రచయిత బలిజేపల్లి స్వయంగా ఆ వేషం కట్టి పేరు తెచ్చుకున్నారు కాబట్టి, దాన్ని వట్టి హాస్యగాని వేషంగా అలంకరించకపోవడం నాకు నచ్చింది.

కిరీటాలు మాత్రం నిరాశపరిచాయి. చిందు యక్షగానం నేటికీ ఆడుతున్న ప్రాంతం మనది. జనగామ జిల్లాకు చెందిన చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఈ దుకాణంలోని కిరీటాలు, భుజకీర్తులు ఆ ఆటకు చేయించినట్లు పెద్దవిగా, బరువుగా ఉన్నాయి. గంతులు వేసి ఆడే ఆటకు అవి అందమే గానీ, నిలబడి పద్యం పాడే నటుడు తల ఎత్తి రాగం తీసేసరికి కిరీటం వెనక్కి జారుతుంది. విశ్వామిత్రుని గడ్డం జిగురు కూడా నాసిరకం. హార్మోనియంలో పై స్థాయిలో రెండు రీడ్లు పలకలేదు. తిరిగి ఇచ్చేటప్పుడు చెబితే, వాయించేవాడిదే తప్పన్నట్లు మాట్లాడారు.

అద్దెలో సగం అడ్వాన్సుగా తీసుకుంటారు, మిగతాది సామాను లెక్క చూసుకున్నాక. హరిశ్చంద్రుని కొడుకు లోహితుని కాటేసే రబ్బరు పాముతో సహా ప్రతి వస్తువూ చీటీలో రాస్తారు కనుక పేచీ ఉండదు. రవాణా ఖర్చు మనదే; తెరల బొంగులు పొడవు కాబట్టి ట్రాలీ ఆటో తప్పదు. శివరాత్రికి, శ్రీరామనవమికి గిరాకీ ఎక్కువ, కనీసం నెల ముందు మాట్లాడుకోవాలి. హార్మోనియం మాత్రం వాయించే ఆయననే వెంట తెచ్చుకోమనండి.